వకుళకు వచ్చిన బుద్ధి

పాకాల, 1984 జూన్, శుక్రవారం

నా కూతురు వకుళకు వచ్చింది బుద్ధి కాదట, జబ్బట.

ఫిట్స్ మాత్రలు మొదలుపెట్టాక మూర్ఛలు ఆగాయి. గోడలెక్కే పిల్ల గోడలెక్కడం మానేసింది, పెట్టింది తిని ఓ మూల కూర్చోవడం నేర్చుకుంది. "సూడండమ్మా, నా మనవరాలికి ఎంత బుద్ధొచ్చిందో! యాడ కూసోబెడితే ఆడే ఉండాది" అని మా అమ్మ వీధంతా చెప్పుకుంది. నేనూ మురిసిపోయాను. ఇంత ఎండల్లో పిల్ల దుప్పటి కప్పుకుంటుంటే కూడా నాకు అనుమానం రాలేదు.

ఈరోజు తిరుపతిలో డాక్టరుగారు రక్తపరీక్ష చూసి చెప్పారు. ఆ మాత్రల వల్ల కొందరు పిల్లలకు థైరాయిడ్ తగ్గుతుందట. ఈ మందకొడితనం, చలి, నిద్ర దానివల్లేనట. అయినా ఫిట్స్ మాత్ర ఆపకూడదు, ఆపితే మళ్ళీ మూర్ఛలొస్తాయి. అందుకని తోడుగా ఇంకో మాత్ర రాసిచ్చారు. పాప మెల్లగా హుషారవుతుందన్నారు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నది, నిద్రపోయిందనుకున్నాను. ఉన్నట్టుండి అడిగింది.

"నాయనా, ఆ కొత్త మాత్ర ఏసుకుంటే నేను మళ్ళా అల్లరి చేస్తానా?"

"చేస్తావు తల్లీ. మళ్ళా గోడలెక్కుతావు."

"అయితే నాకొద్దు నాయనా. అవ్వకీ నీకూ మళ్ళా నేను నచ్చను."

రేపు పొద్దున ఆ మాత్ర నా చేత్తో ఇవ్వాలి. ఏం చెప్పి ఇవ్వను?