మోగని బంపరు

బావా,

నీ జ్ఞాపకార్థ కూడిక అయ్యాక అక్క మన రిపేరు షెడ్డు తాళం నా చేతిలో పెట్టి, "నువ్వన్నా తెరువురా" అంది. తెరిచాను. ఆటోనగర్‌లో నువ్వు లేకుండా నేను పట్టిన మొదటి బండి ఒక డాక్టరుగారి ఫారిన్ కారు. ముందు బంపరు సొట్టపోయింది. నీ సుత్తి అందుకున్నాను.

"సుత్తి వద్దండీ, అది ఇనుము కాదు, రబ్బరులాంటిది" అన్నారాయన.

నువ్వుంటే భోజనం మానేసి మరీ దాన్ని వంచి చూసేవాడివి. మనం ఇన్నాళ్లూ చేసినవన్నీ ఇనుప బంపర్లే కదా, నాకు మాత్రం ఆయన చెప్పినా తలకెక్కలేదు. ఇనుముకు పెట్టే పుట్టీనే పెట్టి సొట్ట పూడ్చాను. ఆరాక బొటనవేలితో నొక్కితే పెంకులా పగిలింది. ఇవాళ ఆ పుట్టీ అంతా గీకేసి, మరిగే నీళ్లు పోసి లోపలినుంచి తోస్తే సొట్ట మెల్లగా పైకొచ్చింది. బంపరు వంగినా పగలకుండా రంగులో కలిపే మందు డాక్టరుగారే తెచ్చిచ్చారు.

సొట్ట తీయడం నీ వంతు, రంగు నా వంతు. తీశాక నువ్వు వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, మోత విని, "ఇక నీదేరా" అనేవాడివి. ఆ మాట వినకుండా నేనెప్పుడూ రంగుడబ్బా మూత తీయలేదు.

ఇవాళ నేనే కొట్టి చూశాను. రబ్బరు కదా, మోగలేదు. రంగుడబ్బా మూత తీశాను.