వీడియోలో నేను చెప్పిన పేరు

లుసైల్,
23 నవంబర్ 2019

విజయరాణికి,

నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వు, మమత, అమ్మ కూడా బాగున్నారని తలుస్తాను. నా నడుము నొప్పి సంగతి అడిగావు. తగ్గింది. మందులతో కాదు, చెన్ నేర్పినట్టు నిలబడటంతో.

చెన్ మా సైట్‌లో వెల్డర్. చైనా మనిషి, యాభై దాటాయి. ఏడాదిగా శుక్రవారం పొద్దున క్యాంప్ వెనక ఖాళీ జాగాలో నాకూ, జగిత్యాల మక్బూల్‌కూ, ఇంకో పదిమందికీ కుంగ్‌ఫూ నేర్పుతున్నాడు. సినిమాల్లోలా ఎగరడం, తన్నడం ఉండవు. మొదటి మూడు నెలలు నిలబడటమే. కాళ్ళు భుజాలకంటే ఎడంగా పెట్టి, గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్ళు వంచాలి. వీపు నిటారుగా ఉండాలి. మోకాలు కాలివేళ్ళను దాటి ముందుకు పోకూడదు. నిమిషం గడిచేసరికి తొడలు వణికేవి. ఆ తర్వాత పిడికిలి. బొటనవేలిని వేళ్ళ లోపల దాచితే విరుగుతుంది, బయటే మడవాలి. గుద్దు నడుము దగ్గర నుంచి బయల్దేరాలి, మణికట్టు వంగకూడదు. భుజం బిగిస్తే "ఆరామ్, ఆరామ్" అంటూ, వదులు చెయ్యమని రెండు వేళ్ళతో తట్టేవాడు. అతనికి వచ్చిన హిందీ కొంచెమే.

ఎర్ర బట్టల్లో నేనున్న వీడియో ఊరంతా చూసిందని, అమ్మ 'దుబాయ్‌ల మా పోశడు మాస్టరైండు' అని చెప్పుకుంటోందని (ఏ అరబ్బు దేశమైనా ఆమెకు దుబాయే) రాశావు. దాని గురించి ఫోన్‌లో ఎందుకు మాట్లాడవని అడిగావు. గదిలో ఎనిమిది మందిమి ఉంటాం, అందుకే ఈ ఉత్తరం.

ఫుట్‌బాల్ పోటీలు వస్తున్నాయి కదా, కూలీలను బాగా చూసుకుంటున్నామని లోకానికి చూపించడానికి కంపెనీ దాన్ని తీయించింది. క్యాంప్ ఇన్‌ఛార్జి సాయిబాబు మన కరీంనగర్ వాడే. కెమెరాకు కనబడే గోడకే రంగు వేయించాడు. దాని వెనక మరుగుదొడ్డి పొంగి పారుతూనే ఉంది. బల్లల మీద ఆపిల్ పండ్లు పెట్టించి, పని అయిపోగానే ఎత్తించుకుపోయాడు. మాకంటే ముందు ఒక జట్టు చెమటతో తడిపిన ఎర్ర బట్టలనే ఉతక్కుండా మాకు తొడిగించాడు. ఎవరిదో చంకల కంపు నా ఒంటికి అంటుకుంది.

"ఎగిరి తన్నుండ్రి! గిట్ల నిలవడ్తె ఎవడు చూస్తడు?" అని సాయిబాబు అరిచాడు.

చెన్ అడ్డం వచ్చి, తన మోకాలు చూపిస్తూ, "నయా ఆద్మీ. టూట్ జాయేగా" అన్నాడు, కొత్తవాళ్ళు, మోకాళ్ళు విరుగుతాయని.

సాయిబాబు అతని కాలర్ పట్టి నెట్టేశాడు. చెన్ కంకర మీద పడ్డాడు. అరచేయి చీరుకుపోయింది. మక్బూల్ వరస విడిచి ఉరికి అతన్ని లేపాడు. ఎర్ర చొక్కా విప్పి అక్కడే పారేశాడు. నేను కదలలేదు.

నీకు ఇన్నాళ్ళూ దాచింది ఇప్పుడు చెప్తాను. సాయిబాబు నా చెవి దగ్గరకొచ్చి, "నా పేరు చెప్పు పోశన్నా, డిసెంబర్ లీవుల నిన్ను పెడ్త" అన్నాడు. కెమెరా అతను "ఉస్తాద్ కౌన్?" అని మాకు నేర్పిన గురువెవరో అడిగాడు. నేను సాయిబాబు వైపు చెయ్యి చూపి, "మేరా ఉస్తాద్, సాయి సార్" అన్నాను. చెన్ అక్కడే నిలబడి, అరచేతిలో దిగిన రాళ్ళు తీసుకుంటున్నాడు. నా చెయ్యి ఎటు చూపిందో చూశాడు. డిసెంబర్‌లో వస్తున్నానని సంబరంగా నీకు ఫోన్ చేసింది ఆ సాయంత్రమే.

సాయిబాబు మీదకంటే నా మీద నాకే ఎక్కువ రోత. అన్నం కలుపుతుంటే ఆ చెయ్యేనని గుర్తొచ్చి ముద్ద దిగదు.

నాలుగు శుక్రవారాలు చెన్‌కు మొహం చాటేశాను. నిన్న పోయి, "మాఫీ" అన్నాను. క్షమించమని నా భావం. ఇక్కడి అరబ్బీలో ఆ మాటకు 'లేదు' అని అర్థం, అతనికి తెలిసింది అదే.

"క్యా మాఫీ?" అన్నాడు. ఏది లేదంటున్నావని అడుగుతున్నాడు. నోటి మాటతో తీరేది కాదనిపించింది.

అటునుంచి అటే సాయిబాబు ఆఫీసుకు పోయాను.

"మాకు నేర్పింది చెన్. ఆ వీడియోల నా మొకమన్న తీసెయ్యి, లేకుంటె మల్ల కెమెర పట్టు, నిజం చెప్త."

"ముందుగాల లీవు లిస్టుల నీ పేరు తీస్త."

"తియ్యి."

అన్నంత పనీ చేశాడు. వీడియో మాత్రం అలాగే ఉంది. నా బదులు మా గదిలో ఉండే ముత్యం వస్తున్నాడు. ఈ ఉత్తరం అతనే నీకు ఇస్తాడు.

విజయా, నిన్ను అడగకుండా నీ డిసెంబర్ పోగొట్టాను. కోపం వస్తే తిట్టు, మాట్లాడటం మాత్రం మానకు. మమత ఆ వీడియో చూసినప్పుడు, నాన్న అందులో అబద్ధం చెప్పాడని, నేర్పిన మనిషి పేరు చెన్ అని చెప్పు. అమ్మకూ చెప్పు.

ఇట్లు,
నీ పెనిమిటి,
పోశన్న