దయ్యాల ఆటలో కొత్త భాగం

సుప్రియా,

అన్నం, పప్పు పొయ్యి పక్కన మూతపెట్టి ఉన్నాయి. మేకలకు మేత వేసినాను, నీళ్లు నువ్వు పెట్టు. నేను పలకల క్వారీకి పోతున్నాను, పొద్దుగూకేసరికి వస్తాను.

నిన్న నువ్వు గిద్దలూరుకు పరీక్షకు పోయినప్పుడు నీ లాప్‌టాప్ తెరిచి ఆ దయ్యాల ఆట ఆడినాను. నువ్వు ముందు ఆడిన పాత భాగంలో తుపాకితో కాల్చుకుంటూ పోవడమే, భయమే లేదు. ఈ నెల కొన్న కొత్త భాగం అట్ల కాదు. చేతిలో ఏ ఆయుధమూ ఉండదు. పాడుబడిన బడిలో తప్పిపోయిన చెల్లెలిని వెతకాలి, దయ్యం వస్తే ఊపిరి బిగబట్టి దాక్కోవాలి. నాలుగుసార్లు చచ్చినాను. ఆ పిల్ల దొరికినప్పుడు ఏడ్చినాను.

ఇదంతా చూడకుండానే పోయిన ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగితే లేచి, "నా బిడ్డ దయ్యాల చేతిలో పడింది, ప్రార్థన చేయండి" అన్నాను. బయటికొచ్చినాక విజయమ్మత్త నిన్ను ఆపి, "ఏందమ్మే, నీ దయ్యానికి ఈ పొద్దు ఏం కూర చేసినావు?" అంటే అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆ పొద్దు నుంచి నువ్వు నాతో మాట్లాడలేదు. ఐదో తరగతితో ఆగిపోయినోడినని నన్ను చూసి నలుగురూ నవ్వినప్పుడల్లా నాకెట్ల మండేదో నాకు తెలుసు. తెలిసీ నిన్ను నవ్వులపాలు చేసినాను.

ఈ ఆదివారం మనవులప్పుడు లేచి, తప్పు నాదని అందరి ముందూ చెప్తాను.

నాయన

ముందు వరసలో మాత్రం కూర్చోవద్దు, నీ మొహం కనబడితే నాకు నోరు పెగలదు. అట్లని రాకుండా ఉండకు.