పోలమ్మ గీకిన పలకలు

7 జనవరి 1968, ఆదివారం

వచ్చింది! ఎనిమిది పలకల మీదా వచ్చింది. కార్తీకంలో కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగలో, పోలమ్మ వాళ్ళ చేపల పడవ పక్కన తాళ్ళతో వేలాడదీసిన ఉత్త మామిడి చెక్కలు... ఇవాళ పైకి లాగితే సన్నటి పచ్చటి నాచు, తల దువ్వినట్టు ఒక పక్కకి వాలి ఉంది. పడవలో నిలబడి గట్టిగా నవ్వేశాను. పోలమ్మ మొగుడు కంగారుపడి గెడ వదిలేశాడు.

వేలితో లాగి చూశాను. పోగు తెగింది, మొదలు రాలేదు. అదే నా ప్రశ్న. వడ్రంగి చెక్కలకి పూసే వజ్రం జిగురు నీళ్ళు తగిలితే వదిలేస్తుంది. తుమ్మబంక కరిగిపోతుంది. ఇది నీళ్ళలోనే అంటుకుంటుంది, ఆటుపోట్లకి కూడా ఊడదు. ఏం జిగురో! ఎక్కడ దాచుకుంటుందో!

8 జనవరి

కాలేజీలో ప్రాక్టికల్స్. పిల్లల చేత మందారం పువ్వు కోయించాను. మనసు మొగలోనే ఉంది.

20 జనవరి, వాల్తేరు

నా రీసెర్చి చూసే మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ — "నాచు పెరగడం ప్రతి కాలవ గట్టు మీదా చూస్తున్నానమ్మా. అది పట్టుకునే చోటు చూపించు. మార్చి నెలాఖరుకి పలకలు ఈ బల్ల మీద ఉండాలి. లేదంటే నీ రీసెర్చి సీటు కోసం ఇంకో అబ్బాయి కాసుకుని ఉన్నాడు."

అమ్మా అంటూనే కోస్తారు ఈయన.

బావకి చెప్పకూడదు.

27 జనవరి

చెప్పేశాను. సాలూరు నుంచి లారీ మీద వచ్చాడు, చొక్కా నిండా గ్రీజు వాసన.

"ఓసి పిచ్చిదానా, అంటుకోడమే కావాలంటే మా షెడ్డుకొచ్చీ. పంచర్లకి పూసే సొల్యూషన్ డబ్బా ఇస్తాను, డాక్టరు పట్టా తెచ్చీసుకో!"

పగలబడి నవ్వాను. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ నెమ్మదిగా అన్నాడు — "సీటు పోతే మరి సాలూరొచ్చీస్తావు కదా? మన పెళ్ళికి ముందు అనుకున్న మాటే."

అనుకున్న మాటే. బావ మంచివాడు. సాలూరు చెడ్డ ఊరేం కాదు. కానీ అక్కడ సముద్రం లేదు. నాకు భయంగా ఉంది.

11 ఫిబ్రవరి, ఆదివారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

పలకలు బోడిగా ఉన్నాయి. ఎనిమిదీ. పసుపు రాసి, ఒక్కోదానికీ కుంకం బొట్లు. గంగమ్మ పండగ వస్తోందట. పండగ ముందు పడవకి పట్టిన పాచి గీకి, కడిగి, పసుపు రాస్తారు. పడవకి కట్టి ఉన్నవి కూడా పడవే కదా వాళ్ళ లెక్కలో...

పోలమ్మ ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "నీ సెక్కలకి ఎంత పాసి పట్టీసినాదో సూసినావా టీచరమ్మా! మైల సెక్కలతోటి తల్లికి మొక్కుతామేటి? ఆల్సిప్పెట్టి నానే గీకీసినాను. నీ పేరు సెప్పి బొట్టెట్టినాను."

అరిచాను. రేవులో అందరికీ వినబడేటట్టు. నీకు బుద్ధుందా అన్నాను. నా కష్టమంతా నీళ్ళలో పోశావు అన్నాను. ఆవిడ ముఖం...

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఆ కోపంలోనే పసుపు పలకల్ని మళ్ళీ నీళ్ళలోకి వదిలాను. పక్కన కొత్త చెక్కలు రెండు కట్టాను. ఎందుకు చేశానో తెలీదు. ఏదో ఒకటి చెయ్యకుండా బస్సెక్కలేకపోయాను.

12 ఫిబ్రవరి

తలనొప్పి. కాలేజీకి సెలవు.

3 మార్చి, ఆదివారం

కొత్త చెక్కల మీద కాస్త జారుడు తప్ప ఏమీ లేదు.

గీకిన పలకల మీద పచ్చదనం! చుక్కలు చుక్కలుగా. జనవరిలో గీసుకున్న బొమ్మలు పక్కన పెట్టి చూశాను. ముందు ఎక్కడ ఒత్తుగా ఉండేదో సరిగ్గా అక్కడే.

4 మార్చి

పలకలోంచి పల్చటి పొర కోసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఉన్నాయి. చెక్క నారల సందుల్లో చిన్న చిన్న పాదాలు, చుట్టూ జిగురు. ఆ పాదాల్లోంచే కొత్త పోగులు లేస్తున్నాయి. ఆల్చిప్ప పైదంతా తీసేసింది. పట్టుకుని ఉన్నది మాత్రం మిగిలింది.

మాస్టారు అడిగిన చోటు ఇదే.

ఇన్నాళ్ళూ పచ్చటి జుట్టు చూసి మురిసిపోయాను. అది పోతే గానీ కింద చూడాలని తోచలేదు. ఏడుపొచ్చింది. సంతోషమే.

10 మార్చి, ఆదివారం

మాస్టారు ఊరికే నమ్మరు. ఇది కొత్తగా వచ్చి వాలిన నాచేమో అంటారు. నాలుగు పలకలు గీకినవీ, నాలుగు పచ్చగా ఉన్నవీ పక్కపక్కన పెట్టి, రెంటిలోనూ అవే పాదాలున్నాయని చూపించాలి. ఒక మూల నేనే బ్లేడుతో గీకాను. చెక్కతో సహా లేచిపోయింది. అదే ఆల్చిప్ప, అదే చెయ్యి కావాలి.

పోలమ్మ ఇసకలో ఎండు చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి అటు తిరిగిపోయింది. తప్పయిందన్నాను.

"గీకితే తిట్టినావు. ఇప్పుడు గీకమంతన్నావు. మీ సదువులు మాకేటి తెలుస్తాయి?" ఇంకో చేప తిరగేసి — "మా మావయినా నన్నెప్పుడూ అలగ నలుగుర్లో అన్నేదు."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. చేపల పక్కనే కూర్చున్నాను. నేనూ నాలుగు తిరగేశాను. వద్దనలేదు. లేచేటప్పుడు వేళ్ళు చూపించి మరీ చెప్పాను — నాలుగే గీకు, నాలుగు అలాగే ఉంచు.

"సూద్దాం."

17 మార్చి

పరీక్షల పని, కళింగపట్నం వెళ్ళలేదు. బావ వచ్చాడు. "గది కాళీ సేసినప్పుడు సెప్పు, లారీ పంపుతాను." ఎత్తిపొడుపు కాదు, నిజంగా సాయమే. అందుకే ఇంకా బాధ.

24 మార్చి, ఆదివారం

ఎనిమిదీ గీకేసింది.

ఎనిమిదీ! మళ్ళీ పసుపు రాసి, బొట్లు పెట్టి మరీ. నోరు తెరిచాను. అప్పటికే ఆవిడ చెబుతోంది — "నాలుగే అన్నావు గానీ నాకు మనసొప్పనేదు. సగం కడిగిన పడవ ఎల్తే సగం మందే తిరిగొస్తారంతారు. నీకలగ సెయ్యమంతావేటి?"

ఈసారి తిట్టలేకపోయాను, తిట్టాలనీ అనిపించలేదు. నన్ను క్షమించింది కాబట్టే ఎనిమిదీ గీకింది. నాలుగే గీకి ఉంటే కోపం పోనట్టు లెక్క.

మళ్ళీ పచ్చబడాలంటే నెలాఖరు దాటిపోతుంది. నాలుగు పలకలు మొగలో వదిలాను. నాలుగు తడి గోనెలో చుట్టుకున్నాను.

పడవ దిగుతుంటే అడిగింది. "మళ్ళా వస్తాదేటి, ఆ పాసి?"

"వస్తుంది."

ఆ మాట ఇప్పటిదాకా నాలో నేను కూడా అంత గట్టిగా అనుకోలేదు.

"వస్తే మళ్ళా గీకీమంతావు," అని నవ్వింది.

29 మార్చి

రేపు పొద్దున్న వాల్తేరు బస్సు. గోనె మీద నీళ్ళు చల్లాను. గదంతా పసుపు వాసన.

మాస్టారి బల్ల మీద బొట్లు పెట్టిన బోడి చెక్కలు నాలుగు పరిచి, ఉంది, చూడండి అనాలి. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటారు. వంగి మైక్రోస్కోపులో చూస్తారా... చూడకుండానే నవ్వుతారా...

లారీ సంగతి బావకి ఇంకా ఏమీ చెప్పలేదు.