పలుపుకంటిన పసుపు

మర్రిపాడు,
ఆదివారం.

కోటేశ్వర్ మామకు, నీ గోపిక రాయునది. ఇక్కడ నేను, అత్తమ్మ, మన పాప బాగున్నాం. సోమశిల గట్టున నువ్వూ, గొర్రెల మందా చల్లగా ఉండాలి.

నీకు సెల్లు కలవడం లేదు. అందుకే బియ్యం తెచ్చే మస్తానయ్య చేతికే ఈ ఉత్తరమూ ఇస్తున్నాను. పోయిన ఉత్తరంలో అత్తమ్మ మోకాళ్ళ గురించి అడిగావు. నన్ను తిట్టే ఓపిక వచ్చింది కాబట్టి నయమైనట్టే. పొలం కొలత అయిందా అన్నావు. కాలేదు. సగం చేను ఇంకా పక్కవాళ్ళ పేరు మీదే ఉంది.

సర్వేయరు ఏమన్నాడో తెలుసా? "డబ్బులేం వద్దులేమ్మా. మీ కొమ్ముల పొట్టేలు ఉండాదే, దాన్ని తోలుకొని రా. మా గృహప్రవేశానికి సరిపోద్ది." నువ్వు బిడ్డలా సాకిన పొట్టేలు! ఒళ్ళు మండిపోయింది. ఆఫీసు గోడ మీదున్న ఏసీబీ నంబరుకు అక్కడి నుంచే ఫోన్ చేశాను.

వాళ్ళు వచ్చి, లంచగొండుల్ని పట్టడానికి నోట్లకు పూసే పొడిని పొట్టేలు మెడకు కట్టిన పలుపు తాడుకు పూశారు. శుక్రవారం అతను నవ్వుతూ తాడు అందుకోగానే చుట్టుముట్టారు. అతని చేతులు వాళ్ళు తెచ్చిన చాకలిసోడా నీళ్ళలో ముంచితే నీళ్ళు ఎర్రబడ్డాయి. ఊరంతా నన్ను మెచ్చుకుంది. పొట్టేలు మన దొడ్లోనే ఉంది. కేసు తేలేదాకా అమ్మకూడదట.

ఇప్పుడు అసలు సంగతి. తాడుకు ఇంకేదీ తగలనీయొద్దని వాళ్ళు మరీమరీ చెప్పారు. కానీ ఇంట్లో పెరిగిన జీవం గడప దాటుతుంటే పసుపు పెట్టకుండా ఎట్లా పంపేది? అలవాటుగా దాని నుదుట అద్ది, ఆ చేత్తోనే తాడు పట్టుకున్నాను. నిన్న చీరకంటిన పసుపుకు సబ్బు పెడితే మరక ఎర్రగా మారింది. ఆ రోజు నీళ్ళు ఎర్రబడింది వాళ్ళ పొడికా, నా పసుపుకా?

మీ పెదనాయన వెంగయ్యకు చెబితే కసిరాడు. "పసుపు మాట ఎత్తినావంటే వాడు బయటపడతాడు. మళ్ళా అదే కుర్చీలో కూర్చుంటాడు. అప్పుడు మీ చేను గతి ఏందే? నోరు మూసుకోని ఉండు." ఆయన భయంలో తప్పు లేదు. నాకూ భయంగానే ఉంది మామా.

రేపు ఆత్మకూరు కోర్టులో నా వాంగ్మూలం. అతను పొట్టేలు అడిగాడని చెబుతాను. నేను పసుపు పెట్టానని కూడా చెబుతాను. దాచిపెట్టి గెలిచిన చేలో పండింది పాపకు తినిపించలేను.

నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే మస్తానయ్యను ఎల్లుండి బయలుదేరమన్నాను.

ఇట్లు,
నీ భార్య
గోపిక