గడప దాటని నడక

కాశిబుగ్గ

బిడ్డ శ్రీలతకు, మేనమామ సదానందం దీవెనలు.

నువ్వు పంపిన, అడుగులు లెక్కవెట్టే గడియారం కుడిచేతికి కట్టుకున్న. మనసు కుదుటపడేదాక ఇప్పొద్దన్నవ్, తానానికి గూడ ఇప్పుతలేను. నిద్ర గూడ చూస్తదట గదా, నీ ముందట ఇజ్జత్ పోవద్దని కదలకుండ పంటాన. గోలీలు తప్పుతలేను. డాక్టరు ఫోన్ పక్కకు పెట్టి ఉత్తరాలు రాయమన్నడు, రాస్తాన. మగ్గం దిక్కు మాత్రం చూడబుద్ధి అయితలేదు. మీ అత్త దాని మీద బట్టలారేస్తాంది.

నీ మేలు మరువని,
మామ

తా.క.: చేనేత సంఘం మీటింగుల మస్తుసేపు కూసున్ననని గడియారం 'లే' అని వణికింది. లేచిన. సంతాపమనుకొని అందరు లేచిన్రు. పోయినోళ్లెవరని ఇప్పటిదాక ఎవ్వరు అడుగలే.

హైదరాబాద్

మామకు శ్రీలత దండాలు.

నీ గడియారం లెక్క నా ఫోన్‌కు వస్తది. వారం నుంచి పొద్దంత నడుస్తనే ఉన్నవని చూపిస్తాంది. పోయినేడు గిట్లనే చెప్పకుండ పోయి హసన్‌పర్తి చెరువుకట్ట మీద దొరికినవ్. అందుకే గంటకోపారి ఫోన్ చూస్తాన. ఎటు పోతానవ్ మామా?

నీ బిడ్డ,
శ్రీలత

తా.క.: అత్తకు ఫోన్ చేస్తే "ఇంట్లనే ఉన్నడు" అని నవ్వుతాంది. ఆమెకు గూడ ఒక గడియారం కొనాలేమో.

కాశిబుగ్గ

బిడ్డకు దీవెనలు.

నేను గడప దాటలే. చాయ గూడ మీ అత్తే తెచ్చిస్తాంది. కూసున్నకాడ కూసున్న, ఫికర్ చెయ్యకు.

మామ

తా.క.: నీ ఫోన్‌కు వేరే ఎవలియో కాళ్ల లెక్క వస్తాంది. ఆయనెవరో గని మస్తు గట్టి మనిషి.

హైదరాబాద్

మామకు దండాలు.

నడిచి నడవలేదంటానవ్. గోలీలతోని మరుపు వచ్చిందేమో. నాకు భయమైతాంది. డాక్టరుతోని మాట్లాడిన. ఆదివారం వచ్చి దవాఖానకు తీస్కపోత. బట్టలు సదురుకో.

శ్రీలత

తా.క.: ఇంత తిరిగెటోడు పసిపోరని లెక్క నిద్ర పోతాండు. అదొక్కటే సమజయితలేదు.

కాశిబుగ్గ

నా బంగారు తల్లికి, మామ రాసేది.

దవాఖానకు వస్త, డాక్టరు చెప్పకుండ గోలీలు మానను. గని ముందుగాల ఇంటికి రా. ఆదివారం దాక దాచుదామనుకున్న, నువ్వు ఆగనిస్తలేవ్. మగ్గం మీది బట్టలు నేనే తీసేసిన. మళ్ల నేస్తాన బిడ్డా. తాడు గుంజితే పోగు మోసే నాడె అటుఇటు ఉరుకుతది గదా, ఆ తాడు గుంజే చేతికే నీ గడియారమున్నది. గుంజినప్పుడల్ల అడుగేసిన్ననుకుంటాంది పిచ్చిది. మీ అత్తకు తెలుసు, చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్న.

ఆ దినం కట్ట మీద నువ్వు నన్నొక్క మాట అనలే. చెప్పులిడిచి నా పక్కన బురదల కూసున్నవ్. నేను లేస్తనన్నదాక లేవలే. మంచి డ్రెస్సు ఖరాబైంది. దానికి బదులు నీకు జంపఖానా నేస్తాన, ఎర్రంచుది. ఇగ మనం కూసుంటే దీని మీదనే కూసుందాం.

బతికిచ్చినవ్ బిడ్డా.
మామ

తా.క.: నీ ఫోన్ లెక్కల నేనీపాటికి నడుసుకుంట హైదరాబాద్ గూడ దాటిపోయుంట. మళ్ల వెనుకకు రాను నాతోని కాదు, నువ్వే రా.