దూరం నుంచి మూడు కేకలు

పిడుగుకు నాన్నమ్మ ముద్దులు.

ఇక్కడ మీ నాన్న గురక, మీ అమ్మ హడావిడి, నా నోరు అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. ఓడ మీద నువ్వూ నీ ఇంజన్లూ కూడా అలాగే ఉన్నారనుకుంటాను. నీ ఉత్తరం అంది మూడు వారాలైంది. జవాబు ఆలస్యం కావడానికి కారణం ఉంది, చెబుతాను. తొందరపడి చివరి పేజీకి వెళ్ళకు.

ముందు నీ ప్రశ్నలు. మీ అమ్మ మోకాలు నెమ్మదించింది. మెట్లెక్కగలుగుతోంది కాబట్టి మేడ మీద నా గది సర్దడం మొదలుపెట్టింది. నా కాగితాలు ఎక్కడున్నాయో ఇప్పుడు ఆవిడకే తెలియాలి. బూట్లు పెద్దవైతే మేజోళ్ళు రెండు జతలు తొడుక్కో. మగవాళ్ళ కొలతలే ఇచ్చే కంపెనీని తిట్టే పని నాకొదిలెయ్.

నూనె పంపు నువ్వొక్కదానివే విప్పి బిగించావనీ, మీ చీఫ్ ఇంజనీరు మర్నాడు స్టోరు గది తాళంచెవి నీ చేతిలో పెట్టాడనీ రాశావు. ఆ పేరా నాలుగుసార్లు చదివి మీ నాన్నకు వినిపించాను.

"పంపంటే ఏ పంపమ్మా?" అన్నాడు.

"కుళాయికి వాషరు వెయ్యడం రానివాడికి ఏ పంపైతే ఏం?" అన్నాను.

సాయంత్రం తనే వెళ్ళి పక్కింటాయనకు చెప్పొచ్చాడు. అక్కడికి చేరేసరికి పంపు కాస్తా ఇంజనైంది.

ఇక నువ్వు అడుగున చిన్న అక్షరాలతో రాసినది. "నాన్నమ్మా, ఆ ఆదివారం ఆటలో మూడుసార్లు పిలిచాను. నువ్వు పై గుహలోనే ఉన్నావని జాబితాలో కనిపిస్తూనే ఉంది. ఇంకో ఆర్నెల్లు ఓడలోనే ఉంటానన్నానని కోపమైతే నేరుగా తిట్టొచ్చుగా" అన్నావు. ఆ రోజు నుంచీ ఆటలోకి రావడమే మానేశావు.

నాకు కోపమొస్తే ఊరుకుంటానని ఎలా అనుకున్నావే? పాతికేళ్ళుగా ఏం చూశావు నన్ను?

ఓడలో నెట్ దారప్పోగంత, బొమ్మలు రావు, అక్షరాలే వస్తాయని నన్నీ ఆటలోకి లాగింది నువ్వు. "నువ్వు గుహలో ఉన్నావు, ఉత్తరాన తలుపుంది" అని వాక్యాలతోనే నడిచే ఆట. ముప్పై ఒక్క ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినదాన్ని, వాక్యాలతో కొట్లాడటం నాకు కొత్తా? ఫలానా వాక్యం వస్తే ఫలానా రంగు వెయ్యి అని ముందే రాసిపెట్టే ట్రిగ్గర్లు నువ్వు నేర్పినవి రెండే రెండు. నీ పేరుకు పసుపు, శత్రువుకు ఎరుపు. తర్వాతివి నేను సొంతంగా రాసుకున్నాను. ఒకటీ రెండూ కాదు, నూట నలభై.

అక్కడే కాలు జారింది. యుద్ధం మొదలైతే నిమిషానికి రెండొందల వాక్యాలు పరుగెడతాయి. వాటిలో సంత నుంచి వినిపించే అమ్మకం కేకలు కూడా. అవన్నీ "దూరం నుంచి" అనే మొదలవుతాయి కదా, అలా మొదలయ్యే ప్రతి వాక్యాన్నీ తెర మీదికి రాకుండా దాచెయ్యమని ఆజ్ఞ రాశాను. దాన్ని నీ పసుపు ఆజ్ఞ కన్నా ముందు పెట్టాను. ప్రోగ్రాం పై నుంచి కిందికి చదువుతుంది. ముందు దాచేసింది, ఇక రంగు వెయ్యడానికి మిగిలిందేముంది?

నీ ఉత్తరం చూశాక ఆ ఆదివారం ఆటంతా నమోదైన లాగ్ తెరిచాను. తెర మీద దాచినవి కూడా అందులో భద్రంగా ఉంటాయి. మూడూ ఉన్నాయి. "దూరం నుంచి పిడుగు కేక: నాన్నమ్మా, కిందికి రా!" రెండోది, "నాన్నమ్మా, త్వరగా!" మూడోదాంట్లో ఒక్క మాటే, "నాన్నమ్మా". ఆ తర్వాత ఆటలో నీ చావు కబురు. ఎవరెవరి అచ్చుతప్పులో ఏరి చిన్నబుచ్చిన మనిషిని, మనవరాలి కేకను నా చేత్తోనే కొట్టేశాను.

ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు నూట నలభై ఆజ్ఞలూ తీసి పారేసి మొదటి నుంచీ రాశాను. ఇప్పుడు నీ పేరున్న వాక్యాన్ని పట్టుకునేదే మొట్టమొదటిది. దానికి తెరలో వేరే కిటికీ, బొటనవేలంత అక్షరాలు, నేను మీట నొక్కేదాకా ఆగని గంట. శత్రువు ఎలా కత్తెత్తాడో వర్ణించే వాక్యాలు నాకక్కర్లేదు. వాటి బదులు అడుగున "వంగు", "జరుగు" అని ఒక్క మాట పెద్దగా పడుతుంది.

మన జట్టులో దర్జీ ఉన్నాడుగా, నిజంగానే బట్టలు కుట్టేవాడు, వాడు పరీక్ష పెట్టాడు. కబుర్ల గదిలో "మా వీధిలో పిడుగు పడింది" అన్నాడు. నా గంట మోగి మీ అమ్మ మేడెక్కి పరుగెత్తుకొచ్చింది.

"బామ్మగారూ, మీ కుట్టు వదులైంది" అన్నాడు.

"నీ గుండీల కన్నా నయమే" అని, వాక్యం మొదటి మాట నుంచీ సరిపోలితేనే మోగాలని బిగించాను. వారం తిరక్కుండా ఆ వెధవే వచ్చి, "మా నాన్నకు చూపు సరిగా ఆనదు, మీ ఆజ్ఞలన్నీ ఇస్తారా?" అని అడిగాడు. ఇచ్చాను. ఇప్పుడు పదకొండుమంది నా తెరతో ఆడుతున్నారు. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకుంటున్నావా? చెప్పుకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. వాక్యాలెందుకు దాచుకోవలసి వచ్చిందో నువ్వు అడిగేదాకా ఆగను. నా కుడికంట్లో నడిమధ్య మసక. ఏ మాట మీద చూపు పెడితే ఆ మాటే చెరిగిపోతుంది, చుట్టూ ఉన్నవి మాత్రం కనిపిస్తాయి. లోపల వాపు అన్నాడు డాక్టరు. నెలకో ఇంజక్షను, ఇప్పటికి నాలుగయ్యాయి.

"పోయింది తిరిగి రాకపోవచ్చండీ, ఉన్నది నిలబెడదాం" అన్నాడు.

"కంటితో ముప్పై ఏళ్ళు బతికినదాన్నయ్యా" అన్నాను. తర్వాతి ఇంజక్షను తేదీ రాయించుకుని వచ్చేశాను. మీ నాన్నకింకా చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టులో వేశాక చెబుతాను. నీకే ముందు తెలియాలి.

ఆర్నెల్ల సంగతి కూడా విను. కంటాసుపత్రి వరసలో నాకు అటూ ఇటూ కూర్చున్న వాళ్ళందరికీ నా మనవరాలు సముద్రం మీద ఇంజన్లు నడుపుతోందని చెప్పాను. వినలేదని అనుమానమొచ్చిన వాళ్ళకు రెండోసారి చెప్పాను. ఇది కోపమైతే నేను కోపంగానే ఉన్నాను.

జవాబు ఆలస్యం చేసింది ఇందుకు. చచ్చినవాళ్ళ సామాను ఏడు వారాలే ఉంటుంది కదా ఆ ఆటలో. కొత్త తెర సిద్ధం కాగానే నీ కోసం ఒక్కదాన్నే కింది గుహలోకి దిగాను. "వద్దు బామ్మగారూ, అయిదుగురం కలిసి వెళ్దాం" అని దర్జీ మొత్తుకున్నాడు. ఆ పిలుపు అయిదుగురికి వచ్చింది కాదు. వంగమన్నప్పుడు వంగాను, జరగమన్నప్పుడు జరిగాను, రెండుసార్లు చచ్చాను, మూడోసారి నువ్వు పడిన చోటికి చేరాను. కత్తి, కవచం, రెండేళ్ళు కష్టపడి సంపాదించావే ఆ ఇనుప డాలు, అన్నీ తెచ్చాను.

చిక్కల్లా ఒకటే. నీ డాలు నా స్థాయికి చాలా బరువు. మోస్తూ నేను నాలుగడుగులు కూడా వెయ్యలేను, కింద పెడితే ఎవడైనా ఎత్తుకుపోతాడు. అందుకని తొమ్మిది రోజులుగా సత్రంలో గోడకానుకుని కూర్చునే ఉన్నాను, వచ్చే పోయే ప్రతివాడూ నవ్వుతున్నాడు. రేవులో ఈ ఉత్తరం అందగానే ఆటలోకి వచ్చి నీ సామాను తీసుకో.

ఇట్లు,
కదల్లేక కూర్చున్న
నీ నాన్నమ్మ